ఉయ్యాల ఊగే పద్ధతికీ పేటెంటా? వింత పేటెంట్ల వెనక ఉన్న లెక్క

క్లుప్తంగా: పేటెంటు అంటే ఆ వస్తువు గొప్పదని ప్రభుత్వం ఇచ్చే మెచ్చుకోలు పత్రం కాదు. ఇది కొత్తదేనా, ఆ పనిలో చేయి తిరిగినవాడికి ఇట్టే తట్టేదేనా, తయారీకో వాడకానికో పనికొస్తుందా అనే మూడు ప్రశ్నలకు దొరికిన జవాబు మాత్రమే. కొత్తది కాదని చెప్పాలంటే, పేటెంటు ఆఫీసులో దరఖాస్తును పరీక్షించే ఎగ్జామినర్ చేతిలో కాగితం ఉండాలి. అందరికీ తెలిసీ ఎవరూ రాసిపెట్టని విషయాల దగ్గరే వింత పేటెంట్లు పుడతాయి. ఉయ్యాల పేటెంటు, పసుపు పేటెంటు వచ్చింది ఆ సందులోంచే.

పిల్లిని పరుగెత్తించడానికి లేజర్ లైటును నేల మీద అటూ ఇటూ కదిపే పద్ధతికి 1995లో అమెరికాలో పేటెంటు వచ్చింది. బట్టతలను మిగిలిన జుట్టుతోనే మూడు మడతలుగా కప్పే పద్ధతికి 1977లో ఒక తండ్రీకొడుకులు పేటెంటు పొందారు. గర్భిణిని గుండ్రటి బల్ల మీద పడుకోబెట్టి గిర్రున తిప్పి, ఆ ఊపుకు బిడ్డ బయటికొచ్చేలా చేసే యంత్రానికి 1965లో ఇచ్చారు. బిడ్డ వచ్చి పడేందుకు వల కూడా బొమ్మలో గీశారు. ఇవి వాట్సాప్‌లో తిరిగినప్పుడల్లా వచ్చే ప్రశ్న ఒకటే: వీటికి పేటెంటు ఎలా ఇచ్చారు? ఇంకోవైపు హన్మకొండ, కరీంనగర్ రోడ్ల మీద ‘మా కళాశాల అధ్యాపకులకు పేటెంట్’ అనే ఫ్లెక్సీలు కనిపిస్తుంటే, ఆ మాటకు అసలు విలువెంత అన్నది రెండో ప్రశ్న. రెండింటికీ జవాబు పేటెంటు ఆఫీసు పని తీరులోనే ఉంది.

పేరు కాదు, క్లెయిమ్ చదవాలి

పేటెంటు కాగితంలో పేరు, సారాంశం, బొమ్మలు, వివరణ, చివర క్లెయిములు ఉంటాయి. చట్టం కాపాడేది క్లెయిములనే. పొలానికి పాసుబుక్కులో హద్దులు రాసినట్టు, కల్పనకు, అంటే కొత్తగా కనిపెట్టినదానికి, హద్దులు క్లెయిములో ఉంటాయి. ఒక క్లెయిములో ఐదు భాగాలు చెప్పి ఉంటే, ఆ ఐదూ ఉన్న వస్తువే ఆ హద్దులోకి వస్తుంది. నాలుగే ఉంటే మామూలుగా రాదు. అందుకే దరఖాస్తు రాసిపెట్టే అనుభవం ఉన్న పేటెంటు ఏజెంటు మొదటి క్లెయిములో వీలైనన్ని తక్కువ భాగాలు పెడతాడు. తక్కువ భాగాలంటే వెడల్పాటి హద్దు. కానీ హద్దు వెడల్పయ్యే కొద్దీ పాత వస్తువేదో దాని కిందికి వచ్చి క్లెయిమ్ కూలిపోయే ప్రమాదం పెరుగుతుంది.

1999 డిసెంబరులో అమెరికాలో అంచుల్లేని బ్రెడ్ శాండ్‌విచ్‌కు ఇచ్చిన పేటెంటు దీనికి మంచి ఉదాహరణ. పేరు వింటే నవ్వొస్తుంది. లోపల మాత్రం నిజమైన వంటింటి సమస్య ఉంది. పండ్ల జెల్లీ నేరుగా బ్రెడ్‌కు తగిలితే నీరు పీల్చుకుని బ్రెడ్ మెత్తబడుతుంది, నిల్వ ఉండదు. అందుకని పైన ఒక పొర, కింద ఒక పొర పల్లీ వెన్న పూసి, మధ్యలో జెల్లీ పెట్టి, చుట్టూ అంచు నొక్కి మూసేశారు. నూనె ఉన్న పల్లీ వెన్న తడిని ఆపుతుంది. ఇంతవరకు బాగానే ఉంది. అయితే పేటెంటు చేతిలో ఉన్న కంపెనీ, అలాంటి శాండ్‌విచ్ చేసే మరో చిన్న కంపెనీ మీదికి వెళ్లింది. పేటెంటును మళ్లీ పరిశీలించాల్సి వచ్చింది. అదే కుటుంబంలోని తర్వాతి దరఖాస్తులను 2005లో అప్పీలు కోర్టు కూడా తోసిపుచ్చింది. మొదటి పేటెంటులోని క్లెయిములూ చివరికి రద్దయ్యాయి. అంచు నొక్కి మూయడం కొత్తేమీ కాదన్నది అక్కడి వాదనల్లో ముఖ్యమైన ముక్క. గరిజెలు చేసే ఏ ఇంట్లోనైనా, అంచు తడిచేసి వేలితో మడత నొక్కకపోతే నూనెలో విచ్చుకుపోతుందని చిన్నపిల్లలకూ తెలుసు.

1896లో పేటెంటు పొందిన ‘దండం పెట్టే టోపీ’ దీనికి పూర్తిగా వేరు. రెండు చేతుల్లో సామాను ఉన్నా ఎదురైనవారికి మర్యాద చేయడం దాని పని. తల వంచితే లోపలి బరువు కదులుతుంది, గడియారంలో ఉండేలాంటి స్ప్రింగు విడుదలవుతుంది, టోపీ లేచి తిరిగి మళ్లీ కూర్చుంటుంది. పనికిమాలినదే కావచ్చు, కానీ అంతకుముందు అలాంటి యంత్రం లేదు, చూసినవాడికి ఇట్టే తట్టేదీ కాదు, చేస్తే పనిచేస్తుంది. మూడు ప్రశ్నలకూ నిజాయతీగా జవాబిచ్చిన పేటెంటు అది. ఎవరు కొంటారన్న నాలుగో ప్రశ్న పేటెంటు ఆఫీసు అడగదు.

ఉయ్యాల వచ్చిన సందు, పసుపు వచ్చిన సందు

2002 ఏప్రిల్‌లో అమెరికా 63,68,227 నంబరుతో ఒక పేటెంటు ఇచ్చింది. విషయం: ఉయ్యాల మీద కూర్చుని, గొలుసులను ఒకదాని తర్వాత ఒకటి లాగుతూ ముందుకూ వెనక్కీ కాకుండా పక్కలకు ఊగడం. కనిపెట్టినవాడు ఐదేళ్ల పిల్లాడు, దరఖాస్తు వేసింది పేటెంటు లాయరైన తండ్రి. చింతకొమ్మకు తాడు వేసి ఊగిన ఏ ఊరి పిల్లలైనా చేసే పనే ఇది. మరి ఎగ్జామినర్‌కు తెలియదా?

తెలుసు. తెలిస్తే చాలదు. ‘ఇది నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు’ అని రాసి ఎగ్జామినర్ దరఖాస్తును తిరస్కరించలేడు. ఫలానా తేదీకి ముందే ఫలానా కాగితంలో ఇది ఉంది అని చూపించాలి. అతడు వెతికేది ఎక్కువగా పాత పేటెంట్లలో, సాంకేతిక పత్రికల్లో. పిల్లలు పక్కలకు ఊగుతారని పత్రికలో ఎవరు రాస్తారు? ఒక్కో దరఖాస్తుకు దక్కేది కొన్ని గంటల సమయమే. కాగితం దొరక్కపోతే మంజూరు చేయక తప్పదు. తర్వాత గొడవై, ఆఫీసే స్వయంగా మళ్లీ పరిశీలించి 2003లో క్లెయిములు రద్దు చేసింది.

ఇక్కడ నవ్వుకుని వదిలేయొచ్చు. కానీ 1995 మార్చిలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి, గాయాలు మానడానికి పసుపు వాడే పద్ధతిపై ఇచ్చిన పేటెంటు కూడా సరిగ్గా ఇలాగే గేటు దాటింది. ఆర్మూర్, మెట్‌పల్లి చుట్టుపక్కల కొడవలి తెగితే ముందు వెతికేది పసుపు డబ్బానే. కాని ఆనాటి అమెరికా చట్టంలో ఒక మెలిక ఉండేది. అమెరికాలోనైతే జనానికి తెలిసి ఉండటం, వాడి ఉండటం కూడా లెక్కకొచ్చేది. బయటి దేశాల విషయంలో మాత్రం అచ్చయిన కాగితమో పేటెంటో ఉంటేనే లెక్క. నిజామాబాద్ జిల్లా అంతా వాడుతున్నా, అచ్చులో చూపించకపోతే వాడనట్టే.

అందుకే 1996లో మన దేశపు శాస్త్ర పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్ ఆ పేటెంటును సవాలు చేసినప్పుడు రైతుల సాక్ష్యాలు కాదు, కాగితాలు పట్టుకెళ్లింది. సంస్కృత గ్రంథాల నుంచి, 1953లో భారత వైద్య సంఘం పత్రికలో వచ్చిన వ్యాసం వరకు 32 ఆధారాలు. 1997లో ఆఫీసు తన నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. పసుపు మీద హక్కు కోసం జరిగిన ఈ పోరులో గెలిచింది పసుపు గొప్పతనం కాదు, దాని గురించిన అచ్చు. అమెరికా చట్టంలోని ఆ దేశీ-విదేశీ తేడా 2013 మార్చి నుంచి పోయింది. ఇప్పుడు లోకంలో ఎక్కడ జనానికి అందుబాటులో ఉన్నా పాతదే. అయినా రుజువు చూపే భారం మాత్రం అలాగే ఉంది.

ఈ అనుభవం నుంచే 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం మొదలైంది. ఆయుర్వేద, యునానీ, సిద్ధ గ్రంథాల్లోని యోగాలను, అంటే మందుల కూర్పులను, ఇంగ్లిష్, ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్, జపనీస్ భాషల్లోకి, పేటెంటు వర్గీకరణకు సరిపోయే పద్ధతిలోకి మార్చి, విదేశీ ఎగ్జామినర్లకు వెతుక్కునే వీలు కల్పించారు. దీనికీ ఒక హద్దుంది. గ్రంథంలో ఉన్నదే ఇందులోకి ఎక్కుతుంది. ఏటూరునాగారం వైపు కోయ ఇంట్లోనో, ఉట్నూరు వైపు గోండు గూడెంలోనో నోటి మాటగా మాత్రమే నడిచే ఆకు వైద్యం దీని పరిధిలోకి రాదు. భారత చట్టం ఈ విషయంలో కొంత మెరుగు. స్థానిక సమాజాల్లో ‘నోటి మాటగా గానీ, మరే విధంగా గానీ’ ఉన్న జ్ఞానం ఆధారంగా కూడా పేటెంటును ఎదిరించవచ్చని సెక్షన్ 25 చెబుతుంది. సెక్షన్ 3(పి) సంప్రదాయ జ్ఞానాన్ని పేటెంటు పరిధి నుంచే తప్పించింది. కాని ఈ రక్షణ మన దేశపు సరిహద్దు వరకే.

పరీక్షే లేకపోతే చక్రానికీ ఇస్తారు

2001లో మెల్‌బోర్న్ లాయరు ఒకరు ‘గుండ్రటి రవాణా సౌకర్య సాధనం’ అనే పేరుతో దరఖాస్తు పెట్టి ఆస్ట్రేలియాలో పేటెంటు తీసుకున్నారు. అది మామూలు చక్రం. ఎగ్జామినర్ నిద్రపోలేదు, అసలు ఎగ్జామినరే లేడు. ఆ ఏడాదే వచ్చిన ‘ఇన్నోవేషన్ పేటెంట్’ అనే చిన్నరకం పేటెంటును, ఫారాలు సరిగ్గా నింపారా లేదా చూసి ఇచ్చేసేవారు. కొత్తదా కాదా అన్న పరీక్ష, ఎవరి మీదైనా దావా వేయాలనుకుంటేనే. ఆ లోపం చూపించడానికే ఆ లాయరు అలా చేశారు. కొత్త ఇన్నోవేషన్ పేటెంటు దరఖాస్తులు తీసుకోవడం ఆస్ట్రేలియా 2021 ఆగస్టులో ఆపేసింది. పరీక్షించి ఇచ్చే కాగితానికీ నమోదు చేసి ఇచ్చే కాగితానికీ ఉన్న ఈ తేడా మన ఫ్లెక్సీల దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

మన వడపోత: గొడుగుకు ఫ్యాను, బకెట్‌కు టార్చి

మన దేశంలో ఈ రకం హక్కు మొదట దక్కింది కూడా కొంచెం విడ్డూరమైన వస్తువుకే. 1856 మార్చి 3న కలకత్తా సివిల్ ఇంజినీరు జార్జ్ ఆల్ఫ్రెడ్ డిపెన్నింగ్, పంకా లాగే యంత్రానికి దరఖాస్తు పెట్టారు. దొరల గదుల్లో పైకప్పుకు వేలాడే గుడ్డ పంకాను మనిషి తాడుతో లాగే కాలం అది.

ఇప్పటి 1970 చట్టంలో సెక్షన్ 3 పెద్ద జల్లెడ. పేటెంటు ఇవ్వకూడనివి అందులో వరసగా ఉంటాయి. వింత కల్పనలు ఎక్కువగా చిక్కుకునేది రెండు రంధ్రాల్లో. మొదటిది 3(ఎఫ్): తెలిసిన పరికరాలను పక్కపక్కన చేర్చడం, వాటి వరస మార్చడం. గొడుగుకు ఫ్యాను, బకెట్‌కు టార్చి, ఒకే పెట్టెలో గడియారం, ట్రాన్సిస్టర్: పేటెంటు పాఠాల్లో తరచూ చెప్పే ఉదాహరణలివి. గొడుగు తన పని గొడుగు చేస్తుంది, ఫ్యాను తన పని ఫ్యాను చేస్తుంది. ఒకటి మరొకదాని పనితీరును మార్చడం లేదు. చేర్పు వల్ల మూడో ఫలితం ఏదైనా పుడితేనే అది కల్పన. స్మార్ట్ చెప్పులు, స్మార్ట్ చెత్తబుట్ట, స్మార్ట్ హెల్మెట్ వంటి ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు చాలావరకు ఆగిపోయేది ఇక్కడే. సెన్సరు, బజరు, మొబైల్ మెసేజి తెచ్చి తగిలిస్తే బకెట్‌కు టార్చి కట్టినట్టే.

ఇత్తడి పనివాళ్లకు దగ్గరి ఉదాహరణ ఒకటుంది. మీర్జాపూర్‌లో లేత్ మీద గిన్నెలకు మెరుగు పెట్టేటప్పుడు వాటిని గట్టిగా పట్టి ఉంచే ఏర్పాటుపై పేటెంటు తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. లేత్‌లో అప్పటికే ఉన్న భాగాలను కొద్దిగా మార్చి వాడుకోవడం ‘వర్క్‌షాపు మెరుగుదల’ మాత్రమేనని, కల్పన అంతకంటే ఎక్కువై ఉండాలని 1978లో కోర్టు తీర్పు చెప్పింది. పెంబర్తి పనివాడు తన ఉలి పిడిని మార్చుకోవడం లాంటిదన్నమాట. నేటికీ ఎగ్జామినర్లు ఉదహరించే తీర్పు ఇది.

దీనికి ఎదురు ఉదాహరణ ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం చేసిన లక్ష్మీ ఆసు యంత్రం. పోచంపల్లి చీరకు ముందు, అర్ధవలయంలో ఉన్న మేకుల చుట్టూ నూలు పోయడాన్ని ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి, భుజం కీళ్లు అరిగిపోయేవి. చేత్తో చేసేదాన్ని యంత్రంతో చేయాలన్న ఆలోచనకు పేటెంటు రాదు. దారం తెగకుండా, లెక్క తప్పకుండా మేకు నుంచి మేకుకు జరిగే ఆ కదలికను యంత్రంలో ఎలా తెచ్చారన్నదానికే వస్తుంది, వచ్చింది కూడా. ఆయనకు 2017లో పద్మశ్రీ దక్కింది.

రెండో రంధ్రం 3(ఎ): ప్రకృతి నియమాలకు విరుద్ధమైనవి. ఖర్చు లేని కరెంటు యంత్రాలన్నీ ఇందులోనే పడతాయి. యూట్యూబులో కనిపించే అమరిక ఒకటే: మోటారు, దానికి బెల్టుతో పెద్ద చక్రం, చక్రానికి ఆల్టర్నేటర్ (తిప్పితే కరెంటు ఇచ్చే యంత్రం), ఆల్టర్నేటర్ నుంచి మళ్లీ మోటారుకు వైరు. లెక్క వేసి చూడొచ్చు. 5 హెచ్‌పీ మోటారు ఇరుసు దగ్గర ఇచ్చేది 3.73 కిలోవాట్లు. సామర్థ్యం 85 శాతం అనుకుంటే, లాగేది 4.39 కిలోవాట్లు. బెల్టులో 5 శాతం పోతే 3.54 మిగులుతుంది. 80 శాతం సామర్థ్యం ఉన్న ఆల్టర్నేటర్ తిరిగి ఇచ్చేది 2.83. అంటే ప్రతి వంద యూనిట్లకు 35 వేడిగా, చప్పుడుగా పోతున్నాయి. ‘చక్రం బరువు పెంచితే సరిపోతుంది’ అన్నది మామూలుగా వచ్చే జవాబు. 60 సెంటీమీటర్ల వ్యాసం, 100 కిలోల బరువు ఉన్న నిండు చక్రం నిమిషానికి 1,500 చుట్లు తిరుగుతుంటే దానిలో దాగేది సుమారు 55 వేల జౌళ్లు. ఒక యూనిట్ కరెంటు అంటే 36 లక్షల జౌళ్లు. పై ఆల్టర్నేటర్‌ను ఆ చక్రం నడపగలిగేది పదిహేను సెకన్లు, అదీ వేగం పడిపోతూ. ఇలాంటి వీడియోల్లో బల్బులు వెలిగే దృశ్యం కొద్ది సెకన్లకే ఎందుకు కట్ అవుతుందో దీంతో తెలుస్తుంది. చక్రం కరెంటు పుట్టించదు, దాచుకుని తిరిగి ఇస్తుంది, అదీ కమీషన్ కోసుకుని.

ఫ్లెక్సీ మీది ‘పేటెంట్’ ఏ రకం?

పేటెంటు దరఖాస్తు పెట్టాక మామూలుగా 18 నెలలకు అధికారిక జర్నల్లో అచ్చవుతుంది. ఫారం 9తో అదనపు ఫీజు కడితే నెల రోజుల్లోనే అచ్చవుతుంది. ఆ దశలో దాన్ని ఎవరూ పరీక్షించరు. ఇది ‘పబ్లిష్’ కావడం మాత్రమే. ఆ తర్వాత ఫారం 18తో పరీక్ష కోరాలి. 2024 నిబంధనల ప్రకారం గడువు 31 నెలలు. గడువు దాటితే దరఖాస్తు వదిలేసుకున్నట్టే. ఎగ్జామినర్ అభ్యంతరాలకు ఆరు నెలల్లో జవాబివ్వాలి, ఇంకో మూడు నెలలు పొడిగించుకోవచ్చు. అవన్నీ దాటితేనే ‘గ్రాంట్’, అంటే మంజూరు.

కాలేజీలకు పబ్లిష్ దశ మీదే మోజు ఎందుకంటే, ఉన్నత విద్యా సంస్థలకు కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల లెక్కలో పబ్లిష్ అయినవాటికీ మార్కులున్నాయి. 2021లో విద్యా సంస్థలకు ఫీజు 80 శాతం తగ్గించాక దరఖాస్తు పెట్టడం ఇంకా సులువైంది. మూడో రకం కాగితం ‘డిజైన్’. అది వస్తువు ఆకారానికి, పైరూపానికి ఇచ్చే నమోదు. లోపల ఎలా పనిచేస్తుందన్నది దానికి అక్కర్లేదు. బ్రిటన్‌లో డిజైన్ నమోదుకు కొత్తదనం పరీక్షే ఉండదు, ఆస్ట్రేలియా చక్రం లాగే. ‘అంతర్జాతీయ పేటెంట్’ అని ఫ్లెక్సీ మీద కనిపిస్తే, కింది వరుసలో ‘డిజైన్’ అన్న మాట ఉందేమో చూడటం మంచిది.

నంబరు చూసి కూడా కొంత పోల్చుకోవచ్చు. మన పేటెంటు దరఖాస్తుకు 12 అంకెలుంటాయి. మొదటి నాలుగు సంవత్సరం. ఐదోది ఆఫీసు: ఢిల్లీకి 1, ముంబైకి 2, కోల్‌కతాకు 3, చెన్నైకి 4. తెలంగాణ చెన్నై పరిధిలోకి వస్తుంది కాబట్టి ఇక్కడివి చాలావరకు 202341 తరహాలో మొదలవుతాయి. ఆ నంబరును పేటెంటు ఆఫీసు వెబ్‌సైటులో కొడితే దరఖాస్తు ఏ దశలో ఉందో ఉచితంగా కనిపిస్తుంది.

ఖర్చు, గడువు, తప్పే దగ్గర

సొంతంగా ఆన్‌లైన్‌లో పెట్టే వ్యక్తికి దరఖాస్తు ఫీజు రూ.1,600. అందులోనే 30 పేజీలు, 10 క్లెయిములు. ఆపై పేజీకి రూ.160, క్లెయిముకు రూ.320. పరీక్షకు రూ.4,000. ముందు తాత్కాలిక వివరణతో తేదీ ఖాయం చేసుకుని, 12 నెలల్లో పూర్తి వివరణ ఇవ్వొచ్చు. ఏజెంటు ఫీజు దీనికి వేరు, అసలు బరువు అక్కడే.

చాలామంది తప్పేది ఫీజు దగ్గర కాదు, తేదీ దగ్గర. యంత్రాన్ని ముందు సైన్సు ఫెయిర్‌లో పెడతారు, యూట్యూబులో చూపిస్తారు, జిల్లా పేజీలో ఫొటో వేయించుకుంటారు, మరుసటి ఏడాది దరఖాస్తు పెడతారు. అప్పుడు వాళ్ల వీడియోనే వాళ్ల కల్పన పాతదనడానికి రుజువు. ప్రదర్శనలో చూపించినా ఏడాది లోపు దరఖాస్తు పెట్టుకోవచ్చన్న సడలింపు ఉంది గానీ, కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనలకే అది వర్తిస్తుంది. కాలేజీ ఫెస్టుకు వర్తించదు. రెండో తప్పు తాత్కాలిక వివరణను అర పేజీలో ముగించడం. అందులో లేని భాగాన్ని పూర్తి వివరణలో చేరిస్తే, ఆ భాగానికి మొదటి తేదీ దక్కదు. కొలతలు, కీళ్లు, ప్రత్యామ్నాయాలు మొదటి రోజే రాయాలి, చేతిగీత బొమ్మ అయినా సరే.

మంజూరయ్యాక కూడా దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు నిలవాలంటే మూడో ఏడు నుంచి ఏటేటా కట్టాలి. వ్యక్తులకు ఇప్పటి రేట్లు ఆరో ఏడు వరకు రూ.800, పదో ఏడు వరకు రూ.2,400, పదిహేనో ఏడు వరకు రూ.4,800, ఆపై రూ.8,000. మొత్తం రూ.76,800. వింత పేటెంట్లను నిజంగా జల్లెడ పట్టేది ఈ మెట్లే. ఏ కోర్టూ రద్దు చేయకుండానే, ఎవరూ కొనని వస్తువు మీద ఏటా డబ్బు కట్టడం ఇష్టం లేక యజమానులే వదిలేస్తారు. అమెరికాలో ఈ ఫీజు మూడున్నర, ఏడున్నర, పదకొండున్నర ఏళ్లకు కట్టాలి. నేలలోని మేకుకు మడమ తగిలించి, పడిపోకుండా ముందుకు వాలే మైకేల్ జాక్సన్ బూట్ల పేటెంటు 1993లో వచ్చింది. మూడో వాయిదా కట్టకపోవడంతో 2005లో చెల్లకుండా పోయింది. అప్పటి నుంచి ఆ మడమ గాడిని ఏ చెప్పుల దుకాణమైనా చేసుకోవచ్చు.